అపసవ్యంగా తిరిగిన పంబ

స్టూడియో ఆయన మా ఇంటికి ఎప్పుడొచ్చినా చెప్పులు గడప బయట విప్పడు. వసారా దాటి లోపలికి వచ్చి, దేవుడి పటాలు కంటపడ్డాక గుర్తొచ్చినట్టు నాలుక కరుచుకుని అక్కడే విప్పుతాడు. ఆయన కుర్చీలో కూర్చున్నాక వాటిని తీసి బయట పెట్టేది నేను. ఏళ్ల తరబడి పెట్టాను. ఆయన లేకపోతే నాకు ఈ పని లేదు కాబట్టి.

అందులో అబద్ధం లేదు. నేను బడికి పోయిన మనిషిని కాను. చిన్నప్పుడు కాలికి జబ్బు చేసి మంచం పట్టాను. అమ్మ పక్కన కూర్చుని పూజ పుస్తకాల్లో పెద్దక్షరాలు చూపించి చదువు చెప్పింది. నాన్న శనక్కాయలు కుప్పలు పోసి లెక్కలు నేర్పాడు. వీడియోలు కత్తిరించే పని ఫోన్లో చూసి నేర్చుకున్నాను. పుంగనూరులో స్టూడియో నడిపే ఈయన తన కంప్యూటర్ ఒకటి తెచ్చి మదనపల్లెలో మా ఇంట్లో పెట్టి, పెళ్లిళ్ల పని ఇచ్చాడు. తనకు కొత్తది వచ్చింది, పాతది పెట్టుకోవడానికి చోటు లేదు, అందుకే ఇచ్చాడని తర్వాత తెలిసింది. అయినా ఇచ్చాడు. పొద్దున్నే దీపం పెట్టాక మేలు చేసినవాళ్లను పేరుపేరునా తలుచుకోవడం అమ్మ చేసిన అలవాటు. నన్ను నడిపించిన డాక్టరమ్మ తర్వాత ఈయన పేరు వచ్చేది. రోజూ దేవుడి ముందు తలుచుకునే మనిషి మీద కోపం పెట్టుకోవడం చాలా కష్టం. ఆ కష్టం నాకు ఆయనే నేర్పాడు.

ఆ ఏడు పుంగనూరు పక్క పల్లెలో గంగమ్మ జాతర వీడియో ఆయనకు వచ్చింది. ఆ ఊళ్లో జాతర చివరి రోజు మిట్టమధ్యాహ్నం ఒక తంతు ఉంది. నడుముకు పంబ కట్టుకుని, అంటే జంట డోలు, పంబాయన ముందు నడుస్తాడు. పూజారి నెత్తిన కరగం, అంటే అమ్మవారి కలశం, ఎత్తుకుని, కళ్లు మూసుకుని, పంబాయన తువ్వాలు కొస పట్టుకుని వెనక నడుస్తాడు. ఇద్దరే గుడి చుట్టూ మూడుసార్లు తిరుగుతారు. ఊరంతా చుట్టూ నేలమీద కూర్చుని తలలు వంచుకుని, కొంగో తువ్వాలో కప్పుకోవాలి. ఎవరూ చూడకూడదు. పంబ మోత దగ్గరికి రావడం, మన ముందు నుంచి దాటిపోవడం, గుడి వెనక సన్నబడి మళ్లీ రావడం, అదే దర్శనం. ఆ చుట్లలో కళ్లు తెరిచి ఉండేది అమ్మవారూ పంబాయనా మాత్రమే.

కెమెరా కూడా చూడకూడదన్నారు. కాబట్టి కెమెరాను అమ్మవారి ముఖం మీదే ఉంచేసి, నేను గుడి నాలుగు మూలలా నాలుగు చిన్న రికార్డర్లు పెట్టి, అందరితో పాటు కొంగు కప్పుకుని కూర్చున్నాను. ఎండకు నేల కాలుతోంది. మోత నా ముందు నుంచి దాటిపోయింది. ఈ మోతను చెడగొట్టకుండా తెరమీదికి చేర్చే భాగ్యం ఇవ్వమని అమ్మను అడుక్కున్నాను.

గుడి కమిటీ పెద్దాయనకు కుప్పంలో కొత్త కల్యాణ మండపం ఉంది. సినిమా హాలు మాదిరి గోడల చుట్టూ స్పీకర్లు పెట్టించాడు. మండపం తెరిచే రోజు ఈ వీడియో వేయాలని, మధ్యలో కూర్చున్న జనం చుట్టూ పంబ తిరుగుతున్నట్టు వినిపించాలని ఆయన ముచ్చట. అందుకు శబ్దాన్ని ఆరు దారులుగా విడదీయాలి. ముందు ఎడమ, ముందు కుడి, మధ్య, బరువు శబ్దానికి ఒకటి, వెనక ఎడమ, వెనక కుడి. చివర అంతా ఒక ఫైలుగా ఎక్స్‌పోర్ట్ చేసేటప్పుడు స్టీరియో అని ఉన్నచోట ఫైవ్ పాయింట్ వన్ అని మార్చకపోతే ఆరూ కలిసి రెండైపోతాయి, చేసిందంతా బూడిదలో పోసినట్టే. ఇవన్నీ నాకు కొత్త. ఇంట్లో ఒక్కో స్పీకర్ ఒక్కో రకం. ఒకటి పాత రేడియోది, రెండు పెళ్లివాళ్లు పారేసినవి. వాటినే గది చుట్టూ బల్లల మీదా బియ్యం డబ్బా మీదా పెట్టి, మధ్యలో అమ్మను పీట మీద కూర్చోబెట్టాను. అమ్మ ఒళ్లో చేట పెట్టుకుని శనక్కాయలు వలుస్తూ కూర్చుంది. మోత మొదలైంది. అమ్మ తల తనకు తెలియకుండానే కుడిపక్కకు తిరిగింది, తర్వాత వెనక్కి, తర్వాత ఎడమకు.

"పోతాండాడు సూడు, గుడెనక్కి పోతాండాడు," అంది అమ్మ. చేతులెత్తి దండం పెట్టింది. నాకు అంతకన్నా ఇంకేం కావాలి.

మరునాడు స్టూడియో ఆయన వచ్చాడు. చెప్పులు దేవుడి పటాల ముందు విప్పాడు. విన్నాడు. విని, ముఖం చిట్లించాడు.

"మోత ముందర యాపక్కకు పోతాండాది?"

"కుడిపక్కకన్నా. ఆడినుంచి ఎనక్కి, ఆపైన ఎడమపక్క."

"ఎవురి కుడి?"

"కూసున్నోళ్ల కుడి."

"తప్పు. అమ్మవారి కుడి. తెరమీద అమ్మవారు మన తట్టు తిరుక్కోనుండాది. ఆయమ్మ కుడిచెయ్యి మనకు యాపక్కుండాది? ఎడమపక్క. మోత ఎడమపక్కకు పోవల్ల. మార్చు."

నేను కుర్చీ తిప్పుకుని ఆయన వైపు కూర్చుని నెమ్మదిగా చెప్పాను. "అన్నా, అమ్మవారు తెరమీదుండాది. స్పీకర్లు జనం సుట్టూ ఉండాయి. మోత జనాన్ని మద్దెలో పెట్టుకోని తిరుగుతాది. నువ్వు చెప్పినట్ల మారిస్తే వాళ్ల సుట్టూ అపసవ్యంగా తిరుగుతాది."

"ప్రదక్షిణం అమ్మవారికి చేస్తారా, జనానికి చేస్తారా? వాళ్లేమన్నా దేవుళ్లా?"

దానికి జవాబు చెప్పడానికి కాగితం మీద గీసి చూపించాను. ఆయన కాగితం చూడలేదు, ఫోన్ చూస్తున్నాడు. సరే, ఒకసారి వినిపిస్తే తెలుస్తుందిలే అని ఎడమలన్నీ కుడికి, కుడులన్నీ ఎడమకు మార్చి వినిపించాను. అమ్మ చేతులు చేటలో ఆగిపోయాయి.

"అదేంది నాయనా, పంబాయన ఎనక్కి తిరుక్కున్నాడా? సావుకాడ గదా అట్ల తిరిగేది."

"పెద్దమ్మా, మీరు శనక్కాయలు వలుచుకోండి," అన్నాడు ఆయన. తర్వాత నా వైపు చూసి, "కానియ్యి, ఎక్స్‌పోర్ట్ కొట్టు," అన్నాడు.

"వద్దన్నా. పెద్దాయన్ను ఒక మాట అడుగుదాం."

"ఈ కంప్యూటర్ ఎవురిచ్చింది నీకు?"

ఆ ఒక్క మాటతో ఆయన ఇన్నేళ్ల మేలునంతా వెనక్కి లాక్కున్నాడు. నొక్కింది నా వేలు, నొక్కించింది ఆయన నోరు. ఫైలు తయారయ్యేదాకా ఆయన మా ఇంట్లో కాఫీ తాగుతూ, కుప్పంలో ఆ మండపంలో జరగబోయే పెళ్లిళ్ల పనంతా తనకే వస్తుందని చెబుతూ కూర్చున్నాడు.

కుప్పంలో మండపం తెరిచే రోజు నేనూ వెళ్లాను. పల్లె నుంచి జనం వచ్చారు. పంబాయన, ఆయన భార్య చివరి వరసలో కూర్చున్నారు. ఆయన కొత్త పంచె కట్టుకుని, తన మోత తాను వినడానికి వచ్చాడు. దీపాలు తగ్గించారు. తెరమీద అమ్మవారి ముఖం, పసుపూ కుంకుమా. అమ్మవారిని చూడగానే కొందరు ఆడవాళ్లు అలవాటుగా కొంగు కప్పుకుని తల వంచారు. మోత ముందు నుంచి లేచింది. ఎడమకు పోయింది. వెనక్కి పోయింది. కుడిపక్క నుంచి తిరిగి ముందుకు వచ్చింది. రెండో చుట్టు మొదలు కాకముందే ఒక ముసలామె కొంగు తీసేసి లేచింది.

"ఆపండప్పా! అపసవ్యంగా తిప్పుతాండారే! మమ్మల్నందర్నీ బతికుండంగానే సాగనంపుతాండారా?"

నవ్విన వాళ్లు ఒకరో ఇద్దరో. మిగతా హాలంతా బిగుసుకుపోయింది. కొత్త మండపం, మొదటి రోజు. కమిటీ పెద్దాయన ముఖం నల్లబడింది. దీపాలు వేయించి స్టూడియో ఆయన్ను పిలిచాడు.

"ఏందప్పా ఇది?"

స్టూడియో ఆయన అటూ ఇటూ చూశాడు. తప్పు తనదని ఒక్క మాట అంటే చాలు, అంతటితో పోయేది. ఆయన ఆ మాట అనలేదు.

"ఉండేది ఉండేట్ల పట్టినామన్నా. పంబాయన యాపక్క తిరిగింటే ఆపక్కే వచ్చింటాది. ఆ పొద్దు ఎట్లుండాడో ఏమో."

"తాగింటాడు," అన్నాడు వెనక నుంచి ఎవరో.

నేను లేచి నిలబడ్డాను. నిలబడటానికి నాకు కొంచెం సేపు పడుతుంది. "అయ్యా, పంబాయన తప్పేం లేదు. ఆయన సరిగ్గానే తిరిగినాడు. ఫైలు చేసేటప్పుడు ఎడమా కుడీ మార్పించినారు. కంప్యూటర్లో మళ్లీ మారిస్తే సరిగ్గా తిరుగుతాది."

"ఎవరమ్మా నువ్వు?" అన్నాడు పెద్దాయన.

"మా కాడ పని నేర్చుకుంటాండే ఆయమ్మన్నా," అన్నాడు స్టూడియో ఆయన.

పెద్దాయన నన్ను కిందినుంచి పైకి చూశాడు. "ఒక నొక్కుతో అమ్మవారిని ఎడమకు తిప్పినాము, ఇంకో నొక్కుతో కుడికి తిప్పుతాము అంటాండావు. అట్లయితే యాది నిజమని నమ్మేది? నీ మిషన్ ఎట్ల చెప్తే అట్ల తిరుగుతాది. మనిషి ఎట్ల తిరిగినాడో అది చెప్పదు." అని చివరి వరస వైపు తిరిగాడు. "వచ్చే జాతరకు పంబ వద్దు. కోలారు బ్యాండును పిలుస్తాము. కూచో తల్లీ, కాలు నొస్తాది."

పంబాయన లేచాడు. తువ్వాలు మడిచి భుజాన వేసుకున్నాడు.

తిరుగు బస్సులో వాళ్లిద్దరూ నా వెనక సీట్లో కూర్చున్నారు. వి.కోట దాటేదాకా నేను వెనక్కి తిరగలేకపోయాను. ఆయనే పలకరించాడు.

"నువ్వేనా తల్లీ, నన్ను ఎనక్కి తిప్పింది?"

"నేనే తాతా. తిప్పమనింది వేరే ఆయన."

"నాకు తెలుసులే. నా మొగం సూడకుండా మాట్లాడినాడు గదా, అప్పుడే తెలిసిపాయ." తువ్వాలు తీసి ఒళ్లో పెట్టుకున్నాడు. "తాగినానంటారు. జాతర నాళ్లంతా నేను మజ్జిగ తప్ప ముట్టను. ఆ మజ్జిగ వచ్చేది పెద్దాయన ఇంటినుంచే."

"మరి ఆ మాట యాల చెప్పలేదు తాతా?"

"ఎవురు సూసినారు తల్లీ? ఎవురూ సూడకూడదు గదా. పూజారి కండ్లు మూసుకోని నా తువ్వాలు పట్టుకోనుంటాడు. సూసింది అమ్మ ఒగతే. అమ్మను సాక్షికి పిల్సల్నా?"

ఆయన భార్య ముందుకు వంగింది. మాట అందుకుంది. "ఈయప్పకు సంతకు పొయ్యే దోవ తెలీదమ్మా. పుంగనూరు బస్టాండులో వదిలితే ఈపొద్దుకూ తప్పిపోతాడు. ఆ గుడి సుట్టూ దోవ ఒగటే ఈయనకు తెలిసింది. నిద్దర్లో కూడా కుడిపక్కకే దొర్లుతాడు, గోడకు గుద్దుకుంటాడు. ఈయన్ను పట్టుకోని అపసవ్యం తిరిగినాడంటారే, వాళ్ల నోట్లో మన్నుబొయ్య."

"ఊరుకోమే," అన్నాడు ఆయన. "అమ్మ ముందర మొదట నడిచేది నేను తల్లీ. కరగం కూడా నా ఎనకాలే. మా నాయన నడిచినాడు, వాళ్ల నాయన నడిచినాడు. నన్ను కూలికి పిల్సకపోయినా ఏం కాదు. అపసవ్యం నడిచినోడని పేరు పెట్టి నిలబెట్టినారు సూడు, దాంతో నేను సస్తే పాడె కూడా ఎవురూ సరిగ్గా మొయ్యరు."

పుంగనూరులో దిగారు. దిగేముందు ఆమె నా చేతిలో ఒక అరటిపండు పెట్టింది. నేను దాన్ని మదనపల్లె దాకా ఒళ్లో పెట్టుకుని వచ్చాను, తినబుద్ధి కాలేదు.

ఆ తర్వాత స్టూడియో ఆయన ఫోన్ చేస్తే నేను ఎత్తలేదు. పొద్దున దీపం పెట్టి పేర్లు తలుచుకునేటప్పుడు డాక్టరమ్మ దాకా వచ్చి ఆగిపోయేదాన్ని. అమ్మ గమనించింది.

చివరికి ఆయనే వచ్చాడు. జాతర దగ్గర పడుతోంది. అమ్మ ఎప్పటిలాగే గదిలో చేట ముందు కూర్చునుంది. ఆయన చెప్పులు మామూలుగానే దేవుడి పటాల ముందు విప్పాడు. నేను లేవలేదు.

"అమ్మా, ఆ ఫైలు సరిచేసి ఇంకోసారి ఎక్స్‌పోర్ట్ చెయ్యి. పెద్దాయన మండపంలో శుక్రవారం పూజకు ఏస్తాడంట. అపశకునం పోవల్లంటే అదే వీడియో సరిగ్గా తిప్పి ఏయల్లని ఎవురో చెప్పినారంట."

"అంటే పంబాయన సరిగ్గా తిరిగినాడని ఆయనకు తెలిసిపాయ గదా?"

"అది వేరే, ఇది వేరే. పంబాయన తాగి తప్పు తిరిగినాడు, మనం కంప్యూటర్లో సరిచేస్తాము. ఆయన అట్లే అనుకుంటాండాడు. అనుకోనీ."

నాకు ఒళ్లు మండింది. అంత కోపం నాకు వస్తుందని అంతవరకూ తెలియదు. "నేను చెయ్యను."

"ఏంది?"

"పెద్దాయనకు ఫోన్ చెయ్యన్నా. నా ఎదురుగా చెయ్యి. పంబాయన సరిగ్గానే తిరిగినాడు, తప్పు మన ఫైల్లో ఉండాదని ఒక్క మాట చెప్పు. ఆ మాట చెప్తే ఇప్పుడే చేసిస్తా. చెప్పకపోతే ఇంకెవురితోనన్నా చేయించుకో."

ఇంకెవరితోనూ అవదని ఇద్దరికీ తెలుసు. నాలుగు మూలల రికార్డింగులూ నా దగ్గరే ఉన్నాయి. ఆయన స్టూడియోలో ఆరు దారులు విడదీసే మనిషి లేడు.

"ఇన్నాళ్లు అన్నం పెట్టినోడితో మాట్లాడే మాటనా ఇది?"

"అన్నం గంగమ్మ పెడతాండాది," అంది అమ్మ చేట దగ్గర నుంచి. "నువ్వు కంప్యూటర్ పెట్టినావు. కావల్లంటే తీసకపో."

ఆయన కంప్యూటర్ వైపు చూశాడు. తర్వాత ఫోన్ తీసి, నాకు వినబడాలని కాబోలు, స్పీకర్ పెట్టి పెద్దాయనకు కలిపాడు. నేను చేతులు కట్టుకుని కూర్చున్నాను.

"అన్నా, ఆ పొద్దు మండపంలో మోత అపసవ్యం పాయ గదా, అది పంబాయన తప్పు కాదన్నా. ఆయన సరిగ్గానే తిరిగినాడు." ఆగాడు. నా వైపు ఒకసారి చూశాడు. "మా కాడ పనిచేసే ఆయమ్మ ఎడమా కుడీ తెలీకుండా చేసేసిందన్నా. ఇంట్లోనే పెరిగిన మనిషి, బడీగిడీ ఏం లేదు. నేను సూసుకోలేదు, అంతే."

నా నోరు తెరుచుకుంది. అమ్మ చేట చప్పుడు ఆగిపోయింది.

ఫోన్లోంచి పెద్దాయన గొంతు వచ్చింది. "అట్లనా! ఆ పొద్దు లేసి నిలబడి నాకు చెప్పిందే, ఆయమ్మేనా? తప్పు తానే చేసి అందరి ముందర నీతులు చెప్పిందే! ఆడోళ్ల చేతికి అమ్మవారి పని ఇస్తే ఇట్లే అవుతాది. సరేలే, పాపం ముసలోడు. కోలారోళ్లకు వద్దని చెప్పేస్తాము. పంబాయన్నే రమ్మందాం. ఆయమ్మను మాత్రం మన పనులకు పెట్టగాకు."

"అట్లే అన్నా," అన్నాడు స్టూడియో ఆయన.

నేను ఒక్క మాట అంటే చాలు. ఫోన్ ఇంకా ఆయన చేతిలోనే ఉంది. మార్పించింది ఎవరో, కంప్యూటర్ ఎవరిచ్చారని ఎత్తిపొడిచింది ఎవరో గట్టిగా అనొచ్చు. అప్పుడు పెద్దాయన మళ్లీ ఎవరిని నమ్మాలో తెలియక, మొదటికే పోయి, ఎందుకొచ్చిన గొడవ అని కోలారు బ్యాండునే పిలుస్తాడు. బస్సు దిగుతూ పండు చేతిలో పెట్టిన ఆమె గుర్తొచ్చింది. నేను నోరు మూసుకున్నాను. ఆయన ఫోన్ జేబులో పెట్టుకున్నాడు.

"సరిపాయనా?"

నేను కంప్యూటర్ వైపు తిరిగాను. ఎడమలు ఎడమకు, కుడులు కుడికి చేర్చాను. స్టీరియో అని ఉన్నచోట మార్చాను. ఎక్స్‌పోర్ట్ నొక్కాను. తెర మీద గీత నింపాదిగా నిండుతోంది. ఆయన కాఫీ కోసం వంటింటి వైపు చూశాడు. అమ్మ ఒక గ్లాసు మంచినీళ్లు తెచ్చి బల్ల మీద పెట్టి వెళ్లిపోయింది. ఫైలు పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించి చేతికివ్వకుండా బల్ల అంచున పెట్టాను. ఆయన వెళ్లేటప్పుడు చెప్పుల కోసం గడప బయట వెతికాడు, లేవు. వెనక్కి వచ్చి, దేవుడి పటాల ముందు నుంచి తానే తీసుకుని పోయాడు.

మళ్లీ ఆయన పని నేను చేయలేదు. కంప్యూటర్ తీసుకుపోతాడనుకున్నాను, రాలేదు. పొద్దున దీపం పెట్టాక ఆయన పేరు మళ్లీ తలుచుకుంటున్నాను. కంప్యూటర్ ఇచ్చినందుకు మాత్రమే, అంతవరకే. తర్వాతి పేరుకు తొందరగా పోతాను.

జాతరకు వెళ్లాను. మిట్టమధ్యాహ్నం అందరితో పాటు గుడి దగ్గర నేలమీద కూర్చున్నాను. కొంచెం ముందు స్టూడియో ఆయన కూర్చుని తల మీద తువ్వాలు కప్పుకుంటున్నాడు. ఈసారి మూలల్లో రికార్డర్లు పెట్టమని ఎవరూ అడగలేదు. కొంగు కప్పుకునేలోగా పక్కనున్న ఆమె నా వైపు వంగింది.

"పోయిన తూరి సంగతి తెలుసా మ్మే? ఎవురో మదనపల్లె ఆయమ్మంట. చదువూ సంధ్యా లేదంట. అమ్మవారిని మిషన్లో పెట్టి అపసవ్యంగా తిప్పేసిందంట. పాపం ఆ ముసలోడి మీదికొచ్చిండాది."

"అవునంట," అన్నాను.

"అట్లాంటోళ్లకు కాళ్లూ చేతులూ పడిపోవల్ల."

"తల వంచుకోమ్మా, పంబ వస్తాండాది," అన్నాను.

కొంగు కింద ఎండ ఎర్రగా ఉంది. మోత ముందు సన్నగా వినబడింది, తర్వాత దగ్గరైంది. నా ముందు నుంచి పోతున్నప్పుడు కాళ్ల గజ్జెల చప్పుడూ, వెనక పూజారి అడుగూ విడివిడిగా తెలిశాయి. ఏపక్క తిరుగుతున్నాడో చూడాల్సిన పని లేదు. గుడి వెనక్కి పోయింది. అమ్మా, నీకు దండం అనుకున్నాను. ముందు కూర్చున్న ఆయన కోసం ఏమీ అడగలేదు.